మున్నీ వాళ్ళవాళ్ళ కోసం, గోదావరి వెంట

కాకినాడలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. సెలవు దొరికితే పడవ మాట్లాడుకుని మడ అడవుల్లోకి పోతాను, నీటికుక్కల్ని చూడడానికి. మా ఇంట్లోవాళ్ళకు ఇది అర్థం కాదు. వాళ్ళు అరకు పోదామంటారు, తిరుపతి పోదామంటారు. నేను బురదలోకి పోదామంటాను. బురద ఒడ్డు మీద ఒక గుంపు నీటికుక్కలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతుంటే, పడవ కదలకుండా పట్టుకోమని సరంగును బతిమాలుతూ ఎన్ని పూటలైనా కూర్చోగలను. నేను కుదురుగా కూర్చునేది అక్కడొక్కచోటే. మిగతా వేళల్లో నాకు కాలు నిలవదు.

అందుకే ఫిబ్రవరి చివరలో రమాదేవి ఫోన్ చేసి వస్తారా అని అడిగినప్పుడు, ఆలోచించుకుని చెబుతానన్నాను గానీ, అప్పటికే అటక మీంచి సంచీ దించుతున్నాను.

రమాదేవి గోదావరిఖని వైపు అటవీశాఖలో సెక్షన్ ఆఫీసరు. మడ అడవుల్లో జరిగిన ఒక శిక్షణలో పరిచయమైంది.

"మేడం, ఇక్కడొక మెకానిక్ ఇంట్ల నీటికుక్క పిల్ల ఉన్నది. ఆయనే మాకు ఫోన్ చేసిండు. గోదావరి ఒడ్డుకు మోటరు రిపేరుకు పోతే పంపు గుంతల దొరికిందట. చుట్టూ ఊరకుక్కలు. గుంపు బెదిరి యాడికో పోయింది. ఈ వారం ఆఖరుదాకా చూస్తం. గుంపు దొరక్కపోతే హైదరాబాద్ జూకు పంపుడే."

"ఎంత పిల్ల?"

"మూరెడు గూడ లేదు. ఒక్కటే ఏడుపు మేడం."

## రామగుండం

కాజీపేటలో రైలు మారి రామగుండంలో దిగాను. ఇంకా మార్చి రాలేదు, ప్లాట్‌ఫారం మీద ఎండ మాత్రం మా మే నెల ఎండ. మా ఊళ్ళో ఎండతోపాటు చెమట ఉంటుంది. ఇక్కడ చెమట పట్టేలోపే ఆరిపోతుంది, పెదవులు పగులుతాయి. థర్మల్ స్టేషను గొట్టాలు ఊళ్ళో ఎక్కణ్ణుంచి చూసినా కనబడతాయి. షేరింగ్ ఆటోలో నా పక్కన కూర్చున్న ఆవిడ నా తెల్ల చున్నీ వైపు చూసి జాలిపడింది.

"కొత్తగ వచ్చినవా అక్కా? గీడ తెల్లవి కడ్తే సాయంత్రంకల్లా బూడిదైతయ్. లోపల వెట్టుకో."

మా జిల్లాలో ముక్కూమొహం తెలియనివాళ్ళను 'అండీ' లేకుండా పలకరిస్తే తప్పుపడతారు. ఇక్కడ మొదటి మాటే 'నువ్వు'. దాని వెనకే 'అక్కా'. దిగేలోపు ఆవిడ నా జీతం, పిల్లలు, ఊరు అన్నీ కనుక్కుంది. నీటికుక్క కోసం వచ్చానంటే మాత్రం నమ్మలేదు. "కుక్క కోసం ఎవరన్న గింత దూరం వస్తరా?" అంటూ నవ్వింది.

చున్నీ నేను లోపల పెట్టలేదు. ఆవిడ అన్నట్టే అయింది.

## యూసుఫ్ ఇల్లు

గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్వార్టర్ల వరసల వెనక చిన్న సందు. సందు మొగలో ఉండగానే ఈల వినబడింది. సన్నగా, పైకి లేచి తెగిపోయే ఈల. ఆగడం, మళ్ళీ మొదలవడం. నాకు అడుగులు పెద్దవయ్యాయి. ఆ ఈలకు అర్థం ఒక్కటే: "ఎక్కడున్నారు?" గుంపులో ఒకటి ఈల వేస్తే ఇంకోటి జవాబు చెప్పాలి. దీనికి వారంగా జవాబు లేదు.

యూసుఫ్‌కు ముప్ఫయ్యయిదేళ్ళుంటాయి. మోటార్లు బాగుచేస్తాడు. ఇంట్లో ఉండేది అతనూ, తల్లి రహీంబీ. రమాదేవి నాకంటే ముందే వచ్చి వాకిట్లో నిలబడి ఉంది. నీలం ప్లాస్టిక్ తొట్టి పక్కన పీట వేసుకుని రహీంబీ కూర్చుంది. సగానికి నీళ్ళున్న తొట్టిలో, ఒక పక్కగా మడిచిపెట్టిన తడి పాత తువాలు మీద, గోధుమరంగు మెత్తటి బొచ్చుతో, చప్పిడి ముక్కుతో, పిల్ల.

"మున్నీ," అంది రహీంబీ, నాకు పరిచయం చేస్తున్నట్టు.

ఆవిడ లేచి చేపలు తేవడానికి లోపలికి వెళ్ళగానే పిల్ల తొట్టి అంచు పట్టుకుని అరవడం మొదలుపెట్టింది. ఆవిడ తిరిగొచ్చి వీపు మీద చెయ్యి పెడితే గానీ పరక చేప ముట్టలేదు. తింటున్నంతసేపూ లోపల్లోపల గునుస్తూనే ఉంది.

"ఒక్కతే తినదు," అంది రహీంబీ. "నేను లేస్తె నోట్ల ముక్క గూడ పడేస్తది. నమాజు గూడ దీని పక్కకే చాప ఏస్కొని చదువుతున్న."

అప్పుడే పక్కింటి తలుపు దబాలున తెరుచుకుంది. లుంగీ, బనీను, ఎర్రటి కళ్ళతో ఒకాయన.

"ఆపా! నైటు షిఫ్టు చేసొచ్చిన. నిన్న నిద్రలేదు, మొన్న నిద్రలేదు. లోపల గనిల మిషన్ సప్పుడుల కునుకు వస్తది గని దీని సీటీకి వస్తలేదు!"

"దేవదాస్ భాయ్, చిన్న పిల్ల..."

"నేను పెద్దోన్ని. నాకు నిద్ర కావాలె."

దేవదాసు గనిలో పనికి చేరి చాలా ఏళ్ళయింది. ఇంక కొద్దికాలంలో రిటైరవుతాడు. ఆదివారం చర్చికి, సెలవునాడు గాలం తీసుకుని గోదావరికి. రమాదేవి యూనిఫాం చూసి గొంతు తగ్గించాడు. తొట్టి దగ్గరికొచ్చి కాసేపు వంగి చూశాడు.

"గీ సీటీ నేను ఏటి ఒడ్డున ఇన్న," అన్నాడు ఉన్నట్టుండి. "ఇప్పుడు గాదు, మొన్న. గాలం ఏస్తుంటె. గిదే సప్పుడు."

"ఎక్కడ?" అన్నాను. నా గొంతు నాకే ఎక్కువనిపించింది.

"తీస్కపోత. రేపు పొద్దుగాల. ఇయ్యాల మాత్రం పండుకుంట."

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగింది. అల్మారాలో స్టీలు గిన్నెలు గలగలమన్నాయి. ఊళ్ళోవాళ్ళెవరూ తల ఎత్తలేదు. నేను లేచి నిలబడ్డాను. మున్నీ నీళ్ళలో అడుగుకు మునిగి, శ్వాస బిగబట్టి, రహీంబీ చెయ్యి నీళ్ళలోకి దిగేదాకా పైకి రాలేదు.

ఆ ఇంట్లో నాకు అన్నం పెట్టారు. బగారా అన్నం, ఖట్టా దాల్, చింతకాయ తొక్కు. మా వైపు పప్పులో పులుపు వేస్తే అది పప్పుపులుసు, దాని లెక్క వేరు. ఇక్కడ పులుపే అసలు. మున్నీ కోసం రోజూ తెచ్చే పరకల గురించి అడిగితే, జీతాలు పడ్డ వారం బజార్లో చేప రేటు ఎక్కువ ఉంటుందని, మిగతా వారాలు తగ్గుతుందని యూసుఫ్ చెప్పాడు. మా కాకినాడలో చేప ధర సముద్రం మాట వింటుంది. ఇక్కడ కంపెనీ మాట వింటుంది.

## ఈలలు

తెల్లవారుతుండగా మేము నలుగురం, నేనూ రమాదేవీ యూసుఫ్ దేవదాసూ, రమాదేవి జీపులో బయల్దేరాం. రహీంబీ మున్నీ దగ్గర ఉండిపోయింది. ఆ వేళప్పుడే ఫస్టు షిఫ్టు వాళ్ళు టిఫిన్ డబ్బాలతో బండ్ల మీద పోతున్నారు. రోడ్డంతా ఒకే వైపు పోతుంటే మేమొక్కళ్ళమే ఇంకోవైపు.

వేసవి ముందు గోదావరిని నేను మా ఊరి దగ్గర చూసిందే వేరు. అక్కడ అవతలి ఒడ్డు కనబడని నీళ్ళు. ఇక్కడ ఇసుక, బండలు, మధ్యలో సన్నటి పాయలు, అక్కడక్కడా లోతు మడుగులు. నీళ్ళు తగ్గినప్పుడు చేపలన్నీ మడుగుల్లోకి చేరతాయి. చేపల వెనకే నీటికుక్కలు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

దేవదాసు చూపించిన చోటు తుంగ బాగా పెరిగిన పాయ. తుమ్మచెట్టు చాటున కూర్చున్నాం. సూర్యుడు పైకొచ్చేసరికి నిజంగానే ఈల వినబడింది. రమాదేవి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈల, దానికి జవాబుగా ఇంకో ఈల. నేను ఊపిరి ఆపి బైనాక్యులర్స్ ఎత్తాను. గుంపు దగ్గరికొస్తోంది. ఒక్కటి కాదు, ముప్ఫై నలభై గొంతులున్నాయి. అన్ని నీటికుక్కలు ఒక్క గుంపులో నేనెప్పుడూ వినలేదు.

తుంగలోంచి బిలబిలమంటూ బాతులు లేచాయి. ఈల వేసే బాతులు. మా నెత్తిమీదుగా ఈలలు వేసుకుంటూ అవతలి పాయలోకి పోయాయి.

యూసుఫ్ వాటి వెనకే తల తిప్పి చూశాడు. "కాకా," అన్నాడు యూసుఫ్ చివరికి, "నీ నీటికుక్కలకు రెక్కలున్నయే."

దేవదాసు నవ్వలేదు. "నాకు రెండూ ఒక్కతీరే ఇనవడ్డయ్," అన్నాడు. నాకూ అలాగే వినబడ్డాయి. నేను ఇన్నేళ్ళుగా ఆ చప్పుడు వెనక తిరిగిన మనిషిని. సిగ్గేసింది గానీ, దానికంటే టైము పోయిందన్న భయం ఎక్కువేసింది. మధ్యాహ్నం దాకా ఇసుకలో పడి నడిచాను. నీళ్ళ సీసా అయిపోయింది, చెప్పు తెగింది. యూసుఫ్ తన టూల్ డబ్బాలోంచి రాగితీగ తీసి కట్టాడు. ఆ చెప్పుతోనే మిగతా రోజులన్నీ తిరిగాను.

నీడలో కూర్చున్నప్పుడు దేవదాసు అడిగాడు. "గివి కుక్కల జాతా, ముంగిస జాతా మేడం?"

"రెండూ కాదు. వీటి చుట్టాలు వేరే. అడవిలో తేనెతుట్టెలు చీల్చుకుని తినే హనీ బ్యాడ్జర్ ఉంటుంది చూడు, అది దీనికి చుట్టం. చలి దేశాల్లో వీసెల్ అని ఉంటుంది, అదీ చుట్టమే. కానీ ఆ చుట్టాలు ఎక్కువమటుకు దేని దారి దానిదే. తోడు కావలసిన నాలుగు రోజులే కలుస్తాయి. మన నదుల్లో ఉండే ఈ నీటికుక్క మాత్రం అలా కాదు. తల్లీ తండ్రీ, ఈ యేటి పిల్లలు, పోయినేటి పిల్లలు, అందరూ ఒక్కచోటే. చేపల్ని అర్ధచంద్రంలా చుట్టుముట్టి ఒడ్డుకు తోలతాయి. ఒక్కటే అయితే వేట కుదరదు."

"మా గనిల తీరు," అన్నాడు దేవదాసు.

## బండల మడుగు

మర్నాడు ఇంకా పైకి పోయాం. చెవుల్ని నమ్మడం మానేసి ముక్కును నమ్ముకున్నాను. నీటికుక్కల గుంపుకు ఒడ్డు మీద ఒక రచ్చబండలాంటి చోటు ఉంటుంది. అందరూ అక్కడే విసర్జిస్తారు, అక్కడే దొర్లుతారు. ఎవరొచ్చారు, ఎవరు పోయారు అన్న కబురంతా ఆ వాసనలోనే.

నల్లటి బండల మధ్య పెద్ద మడుగు. ఒక చదునైన బండ మీద చేప పొలుసులు, ముళ్ళు నిండిన నల్లటి మరకలు. వంగి వాసన చూశాను. పచ్చి చేపా కస్తూరీ కలిసినట్టు, తాజాగా. రమాదేవి ముక్కు మూసుకుంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఎంతోసేపు ఎదురుచూడవలసిన పని లేకపోయింది. మడుగు అవతలి కొసన నీళ్ళు ముడతలు పడ్డాయి. ఒక తల, రెండు, నాలుగు. అన్నీ కలిసి ఏడు. చుట్టుముట్టి చేపల్ని ఇసుక వైపు తోలుతున్నాయి. నీళ్ళలోంచి చేపలు ఎగిరి పడుతున్నాయి. అందులో రెండు పిల్లలు, సరిగ్గా మున్నీ అంతే ఉన్నాయి! వాటికి ఒక సన్నటి నీటికుక్క చేప తెచ్చి నోట్లో పెట్టింది. అది తల్లి కాదు. తల్లి పెద్దది, మెడ మీద తెల్లగా గీత ఉంది, అవతల తన తిండి తను తింటోంది. సన్నది పోయినేటి పిల్ల అయి ఉంటుంది. వాటికి అది అక్కో అన్నో, ఆ దూరం నుంచి చెప్పలేను.

"ఇవేనా?" అన్నాడు యూసుఫ్ గుసగుసగా. "మున్నీ వాళ్ళు ఇవేనా?"

"అయ్యుండాలి. పిల్లలది ఒకటే వయసు. పంపు గుంత ఇక్కణ్ణుంచి కిందికి ఎంతో దూరం లేదు. ఒట్టు మాత్రం వెయ్యలేను."

యూసుఫ్ అక్కణ్ణుంచే తల్లికి ఫోన్ చేశాడు. రేపు పొద్దున మున్నీని తీసుకొస్తున్నామని అరిచి చెప్పాడు. అవతల రహీంబీ ఏమందో తెలియదు. అతను మాత్రం ఫోన్ వైపు ఒకసారి చూసుకుని జేబులో పెట్టాడు.

## పెద్దపల్లి

మర్నాడు తెల్లవారకముందే నేనూ రమాదేవీ ఇంటికి పోతే వాకిలి తీసి ఉంది, అప్పుడే నిద్రలేచిన యూసుఫ్ తల్లికి ఫోన్ చేస్తున్నాడు. నీలం తొట్టిలో నీళ్ళున్నాయి, తువాలు ఉంది. మున్నీ లేదు. రహీంబీ లేదు. ఆవిడ ఫోను మాత్రం అల్మారాలో మోగుతోంది.

దేవదాసు తన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "తెల్లారగట్ల సప్పుడు ఇనవడలే. మంచిగ నిద్రవోయిన," అన్నాడు. "నాకు అప్పుడే అనుమానం రావాలె."

రమాదేవికి కోపమొచ్చింది. ఆవిడ మీద పైవాళ్ళున్నారు. "అడవి జంతువును ఎత్తుకపోతే కేసైతది యూసుఫ్. నేను ఆపలేను." యూసుఫ్ ముఖం పాలిపోయింది. పెద్దపల్లిలో ఉన్న చెల్లెలు ఫాతిమాకు ఫోన్ చేశాడు. రాలేదంది. మళ్ళీ చేశాడు. ఈసారి ఫాతిమా గొంతు తగ్గించి, "డాబా మీద ఉన్నది. కోప్పడకున్రి," అంది.

జీపు పెద్దపల్లి వైపు తిప్పాం. రోడ్డుకు ఇరువైపులా మోదుగులు ఎర్రగా పూశాయి. మరో రోజైతే బండి ఆపించేదాన్ని. నేను మాత్రం వెనక సీట్లో మోకాలు ఆడిస్తూ, ఒక్క రోజులో గుంపు ఎంత దూరం పోగలదో లెక్కలు వేస్తున్నాను.

ఫాతిమా ఇంటి డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, బకెట్ పక్కన రహీంబీ కూర్చుని ఉంది. మొదటి బస్సుకు, టిఫిన్ బుట్టలో తడిగుడ్డ చుట్టి తెచ్చిందట. బస్సులో ఈల వేస్తే కండక్టరు ఎవరని అడిగాడట. నా ఫోన్ అని చెప్పిందట.

రమాదేవిని కింద ఉండమని బతిమాలి నేనొక్కదాన్నే పైకి పోయాను. రహీంబీ నావైపు చూడలేదు.

"జూల ఏస్తరంట గదా," అంది. "ఫారెస్టామె ఫోన్ల మాట్లాడుతుంటె ఇన్న. జూల అది ఒక్కతే ఉంటది."

"గుంపు దొరక్కపోతే. గుంపు దొరికింది కదమ్మా."

"దేవదాస్ భాయ్ గట్లనే అన్నడు. పక్కా తీస్కుంటయ్ ఆపా, ఫికర్ చెయ్యకు అన్నడు. ఆయన ఏ సంగతైన పక్కా అంటడు. బాతులను గూడ పక్కా అన్నడు." చెంగుతో మున్నీ ముక్కు తుడిచింది. "నువ్వు చెప్పు. చదువుకున్నదానివి. తీస్కుంటయా?"

ఆ మాటకు జవాబు నాకు తెలిసి ఉంటే బాగుండేది. పోగొట్టుకున్న పిల్లను గుంపు మళ్ళీ కలుపుకున్న సందర్భాలు విన్నాను. కొత్త వాసనకు బెదిరి కరిచిన సందర్భాలూ విన్నాను. అబద్ధం చెబితే ఆవిడ లేచి వస్తుందనిపించింది. నోరు రాలేదు.

"తెలియదమ్మా. నిన్న నేను చూసింది చెబుతాను. అక్కడ దీనంత పిల్లలు రెండున్నాయి. వాటికి ముందు పుట్టినవి చేపలు తెచ్చిపెడుతున్నాయి. తల్లి కాదు, అక్కలో అన్నలో. ఇవి మున్నీ వాళ్ళే అనుకుంటున్నాను. ఇది కనబడితే ఏం చేస్తాయో మాత్రం నాకు తెలియదు."

"అక్కలున్నరా దీనికి?"

"ఉండాలి."

రహీంబీ చాలాసేపు మున్నీని చూస్తూ కూర్చుంది. కింద ఎవరో హారన్ కొట్టారు. నాకు లేచి నడవాలనిపించింది, డాబా చివరిదాకా వెళ్ళి వచ్చాను. తిరిగొచ్చేసరికి ఆవిడ బుట్టలో తడిగుడ్డ సర్దుతోంది.

"పా," అంది. "తెల్వదన్నవ్ గందుకే వస్తున్న. పక్కా అంటె రాకపోదును."

## మళ్ళీ బండల మడుగు

మర్నాడే వారం ఆఖరి రోజు. ఆరోజు మడుగు దగ్గరికి అయిదుగురం పోయాం. దేవదాసు డ్యూటీ మానుకుని వచ్చాడు, ఎవరూ రమ్మనలేదు.

గుంపు అక్కడే ఉంది. బండకు దగ్గరగా, ఇసుక మీద, మున్నీని పెట్టిన బోను ఉంచి, తాడుతో తలుపు తీసి, తుమ్మపొదల చాటున నక్కాం. మున్నీ ఈల వేసింది. మడుగు అవతల ఏడు తలలు ఒక్కసారి ఇటు తిరిగాయి. జవాబు ఈల వచ్చింది. పక్కన రహీంబీ శ్వాస ఆగినట్టయింది.

అవి దగ్గరికొచ్చాయి. అందరికంటే ముందు పెద్ద మగది. ఛాతీ దాకా నీళ్ళలోంచి లేచి మావైపు చూసి, 'హఫ్' మని గట్టిగా ముక్కు చీదింది. అది హెచ్చరిక. ఏడు తలలూ మునిగిపోయాయి. మడుగు ఖాళీ అయింది.

మున్నీ బోను లోంచి బయటకు వచ్చింది. నీళ్ళ వైపు చూసింది. ఆపైన గిరుక్కున వెనక్కి తిరిగి, చిన్న కాళ్ళతో ఇసుకలో పడుతూ లేస్తూ, సూటిగా పొదల వైపు, రహీంబీ ఒళ్ళోకి వచ్చి పడింది.

"అయిపోయింది," అంది రమాదేవి మెల్లగా. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూశాను. అప్పటిదాకా ఆవిడకు ఇదంతా ఒక డ్యూటీ అనుకున్నాను.

రహీంబీ లేచింది. ఎవర్నీ అడగలేదు. మున్నీని ఎత్తుకుని, చీర కుచ్చెళ్ళతో సహా, నడుచుకుంటూ నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ లోతులో ఒక రాయి మీద కూర్చుంది. నేను పిలవబోయాను. దేవదాసు నా భుజం పట్టుకున్నాడు. "ఉండనీ."

ఆవిడ కదల్లేదు. మున్నీ ఆవిడ ఒడిలోంచి ఈల వేస్తూనే ఉంది. ఎండ మొహం మీద పడుతోంది. చాలాసేపటికి అవతలి బండల వెనక నుంచి జవాబు వచ్చింది. ఒక్క తల బయల్దేరింది. సన్నది. మధ్యలో ఆగింది, మునిగింది, ఇంకొంచెం దగ్గర తేలింది. మనిషి కదలకపోతే దానికి మనిషి బండతో సమానం అనుకుంటాను. రహీంబీకి చేయి చాపితే అందేంత దూరం వచ్చింది. మున్నీ ఒడిలోంచి జారి నీళ్ళలో పడింది.

సన్నది మున్నీ మెడ పట్టుకుని ముంచేసింది.

మున్నీ కీచుమని అరిచిన అరుపు సగంలో తెగిపోయింది. "ముంచుతున్నది! చంపుతున్నది!" అని రహీంబీ కేకపెట్టి నడుం లోతుకు దూకింది. యూసుఫ్ పరిగెత్తాడు. నీటికుక్కలు ఈత రాని పిల్లల్ని మెడ పట్టి నీళ్ళలోకి ఈడుస్తాయని నేను పుస్తకంలో చదివాను, క్లాసులో చెప్పాను. అదంతా ఆ క్షణాన ఎందుకూ పనికిరాలేదు. నేనూ పరిగెత్తాను. రాగితీగ కట్టిన చెప్పు బండల్లో ఇరుక్కుని బోర్లా పడ్డాను.

తలెత్తేసరికి మడుగు మధ్యలో రెండు తలలు తేలాయి. ఒకటి సన్నది, పక్కన చిన్నది. మళ్ళీ మునిగాయి. మళ్ళీ తేలాయి, ఇంకా దూరంగా. చిన్నది తుమ్ముతోంది. ఆ తుమ్ము అంత దూరానికీ వినబడింది. అవతలి ఇసుక మీదికి సన్నది దాన్ని ఈడ్చింది. మిగతావన్నీ మీద పడ్డాయి. మూతులు, తోకలు, ఒకటే దొర్లుడు. కుప్పలో మున్నీ కనబడలేదు.

రహీంబీ నీళ్ళలో నిలబడి ఉంది. యూసుఫ్ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. దేవదాసు నోట్లో ఏదో ప్రార్థన కదులుతోంది. నేను బైనాక్యులర్స్ అద్దాలకు అంటిన తడి ఇసుకను చున్నీతో తుడిచి కళ్ళకు పెట్టుకున్నాను.

కుప్ప విడిపోయింది. అడుగునుంచి మున్నీ లేచి ఒళ్ళు దులుపుకుంది. మెడ మీద తెల్లగీత ఉన్న పెద్దది దాని మీద పడుకుని, పొట్టతో ఇసుకలోకి అదిమి, తల నుంచి తోక దాకా నాకడం మొదలుపెట్టింది. మున్నీ గింజుకుంది. అది వదల్లేదు.

"రోజూ లక్స్ సబ్బు పెట్టి కడిగిన," అంది రహీంబీ. అది నవ్వో ఏడుపో తెలియడం లేదు. "వాసన పోతలేదేమో పాపం దానికి."

ఎండ ముదిరాక గుంపు లేచింది. పైపాయ వైపు పోయాయి. ఇసుక మీద తలలు లెక్కపెట్టాను. ఎనిమిది. బండల దగ్గర మూలమలుపు తిరిగేదాకా మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను.

## తిరిగొచ్చాక

ఆరోజు తిరుగుదారిలో అందరం ఒక హోటల్లో కూర్చుని జొన్నరొట్టె, తలకాయ కూర తిన్నాం. రహీంబీ తడి చీరతోనే తిన్నది. దేవదాసు ఇంటికి పోయి పడుకుంటానన్నాడు గానీ, మర్నాడు నన్ను రైలెక్కించడానికి వచ్చినప్పుడు, ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పాడు. సప్పుడు లేకపోతే ఏదోలా ఉందట.

ఏప్రిల్‌లో గోదావరి ఇంకా ఎండింది. రమాదేవి రెండుసార్లు వెళ్ళి చూసింది. ఒకసారి కాళ్ళ అచ్చులు కనబడ్డాయి, గుంపు కనబడలేదు. నాకు క్లాసులో మనసు నిలవలేదు. మడ అడవుల్లో ఏ గుంపు కనబడినా పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, అవి వేరే నీళ్ళవి అని తెలిసీ. ఒక సాయంత్రం ఉండబట్టలేక యూసుఫ్‌కు ఫోన్ చేశాను. రహీంబీయే ఎత్తింది.

"మున్నీ కనబడిందా అమ్మా?"

"లే. సందుల అందరూ గదే అడుగుతుండ్రు. కనవడలే అంటె అయ్యో అంటుండ్రు." వెనకాల మోటారు తిరుగుతున్న చప్పుడు. "నాకు మాత్రం మంచిదే అనిపిస్తది బిడ్డా. మన దగ్గర కనవడ్డదంటె, మళ్ళ ఒక్కతైందన్నట్టు గదా."

వెనకాల మోటారు చప్పుడు ఆగింది.

"నువ్వు గూడ రాకు, ఇప్పుడే. నీకు కాలు నిలవదని నాకెర్కె. పోయి లెక్కపెట్టి వాళ్ళను పరేషాన్ చెయ్యకు. వానలు పడ్డంక రా. నన్ను చూడనీకి రా."

వస్తానన్నాను. ఎదురుగా కంప్యూటర్‌లో రామగుండం రైలు టికెట్ల పేజీ తెరిచి ఉంది. ఫోన్ పెట్టేసి, దాన్ని మూసేశాను.